‘ఇప్పుడేం కనిపిస్తోంది నాన్నా?’: పెద్దవాళ్ల కోసం ఒక బ్యాంకు యాప్‌ని మళ్లీ గీసిన కథ

తెనాలిలో ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారి ఇంటి వరండాలో కూర్చుని రాసుకున్న సంభాషణ ఇది. అటువైపు పుణెలో ఉన్న కొడుకు, స్పీకర్లో. మాస్టారి దగ్గరున్నది ఒక్కటే ఫోను, కాలూ అందులోనే, యాపూ అందులోనే.

"ఇప్పుడేం కనిపిస్తోంది నాన్నా?"

"ఏవో బొమ్మలున్నాయిరా."

"ఏం బొమ్మలు?"

"ఒకటి ఇల్లులా ఉంది. ఇంకోటి బాణం. కాదు, రెండు బాణాలు, ఎదురెదురుగా."

"ఆఁ, అదే. అది నొక్కు."

"నొక్కాను. ఏం రాలేదు."

"అయితే పైన ఎడం పక్క మూడు గీతలుంటాయి చూడు."

"గీతలా? చుక్కలున్నాయి."

"చుక్కలు కాదు నాన్నా, గీతలు. సర్లే, ముందు వెనక్కి రా."

"వెనక్కంటే ఎటు?"

ఇలా పదకొండు నిమిషాలు నడిచింది. చివరికి కొడుకు "దసరాకి వచ్చినప్పుడు చూస్తాలే" అని పెట్టేశాడు. ముప్ఫై ఆరేళ్లు పిల్లలకి ఆల్జీబ్రా చెప్పిన మనిషి నా వైపు తిరిగి "బుర్ర మందగించిందమ్మాయ్" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది, ఎందుకంటే ఆ స్క్రీన్ గీసింది నేనే. ఎదురెదురు బాణాలంటే ‘డబ్బు పంపడం’ అని నాకూ నా టీమ్‌కీ తెలుసు, ఇంకెవరికీ తెలియక్కర్లేదన్నట్టు దాని కింద ఒక్క మాట కూడా రాయలేదు. కంటికి బాగానే ఉంది. కానీ దాన్ని ఫోన్లో ఇంకో మనిషికి నోటితో చెప్పాలంటే ఏమని చెప్తారు? ఆ ప్రశ్న తట్టాక మా డిజైన్ సగం మారిపోయింది. అయితే అది తట్టడానికి మాకు రెండు నెలలు పట్టింది, ఆ రెండు నెలల్లో చేసిన తప్పులు కూడా చెప్తాను.

పని మొదలైన తీరు

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ శాఖలున్న ఒక మోస్తరు బ్యాంకు (పేరు చెప్పను, ఒప్పందం అలాంటిది). ఖాతాదారుల్లో పెన్షనర్లు ఎక్కువ. నెల మొదటి వారం వచ్చిందంటే కౌంటర్ ముందు క్యూ, అందులో చాలామంది డబ్బు తీసుకోడానికి కాదు, పెన్షన్ పడిందో లేదో కనుక్కుని పాస్‌బుక్‌లో ఎంట్రీ వేయించుకోడానికి వచ్చినవాళ్లు. యాప్ ఉంది. ఫోన్లో వేసుకున్నారు కూడా, లేదా బ్రాంచిలో కుర్రాడెవరో వేసిచ్చాడు. తెరవరు. ‘సీనియర్స్‌కి ఫ్రెండ్లీగా చేసివ్వండి’ అన్నది మాకిచ్చిన ఒక్క లైను బ్రీఫ్.

హైదరాబాద్ ఆఫీసులో కూర్చుని చేసిన మొదటి వెర్షన్‌లో అందరూ చేసేదే చేశాం. అక్షరాలు పెంచాం, బటన్లు పెంచాం, లేత బూడిద రంగు అక్షరాలన్నీ పీకేసి నల్లవి పెట్టాం. ఇవేం తప్పులు కావు, చేసి తీరాల్సినవే. వయసుతో పాటు కంటి కటకం పసుపుబారుతుంది, కంటిపాప పడుచువాళ్లకి తెరుచుకున్నంతగా తెరుచుకోదు, అరవై ఏళ్ల మనిషి రెటీనాకి చేరే వెలుగు ఇరవై ఏళ్ల మనిషికి చేరేదాంట్లో సుమారు మూడో వంతని చెప్తారు. దానికి తోడు మేం చూసిన ఫోన్లలో చాలావాటికి ఛార్జింగ్ మిగులుతుందని బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి ఉంది, పైన పగిలిన టెంపర్డ్ గ్లాసు. మామూలు సైజు అక్షరానికీ వెనకున్న రంగుకీ మధ్య వెలుగులో కనీసం 4.5:1 తేడా ఉండాలని డబ్ల్యూసీఏజీ (స్క్రీన్ అందరూ వాడగలిగేలా ఉండటానికి పెట్టిన అంతర్జాతీయ ప్రమాణం) చెప్తుంది. ఎండ పడే వరండాలో ఆ కనీసం చాలదు, అందుకని దాంట్లోనే పై మెట్టు అయిన 7:1కి వెళ్లాం. వేలు ఆనే చోటు ఎంత ఉండాలన్నదానికి ఆండ్రాయిడ్ వాళ్లు చెప్పే కొలత 48 డీపీ (స్క్రీన్ మీద కొలిచే యూనిట్), అంటే దాదాపు 9 మిల్లీమీటర్లు. ముఖ్యమైన బటన్లకి మేం అంతకంటే బాగా పెద్దవే పెట్టాం.

ఇంతా చేసి ఆ మొత్తాన్ని ‘సీనియర్ మోడ్’ అని పేరు పెట్టి సెట్టింగ్స్‌లో ఒక స్విచ్ కింద దాచిపెట్టాం. హనుమకొండలో ఒక రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్‌కి, వయసు 74, ఆ స్విచ్ చూపించి ఆన్ చేసుకోమంటే నవ్వేసి "అది ముసలోళ్లకు గద బిడ్డా, నాకెందుకు" అన్నారు. నవ్వుకున్నాం గానీ ఆయన మాటలో న్యాయం ఉంది. అక్షరాలు పెద్దగా ఉంటే చిన్నవాళ్లకేం నష్టం? స్విచ్ తీసేశాం, అందరికీ ఒకటే యాప్. మార్కెటింగ్ వాళ్లు మాత్రం ఇప్పటికీ ఆ ‘సీనియర్ మోడ్’ పోస్టర్ పోయిందని బాధపడుతుంటారు.

తోక తెగిన తెలుగు

మేం ఊహించని దెబ్బ భాష దగ్గర తగిలింది. చాలామంది పెద్దవాళ్ల ఫోన్లలో మనవడో మనవరాలో ముందే ఫాంట్ సైజు చివరిదాకా లాగేసి ఉంచుతారు. ఆండ్రాయిడ్ 14 నుంచి అది 200 శాతం దాకా వెళ్తుంది. ఇంగ్లీషులో మా స్క్రీన్లు ఎలాగో నిలబడ్డాయి, తెలుగులో కూలిపోయాయి. మన అక్షరానికి పైన గుడి ఉంటుంది, కింద ఒత్తు ఉంటుంది, లైనుకి ఇంతే ఎత్తని బిగించి కూర్చుంటే పైదో కిందదో తెగుతుంది. ‘మొత్తం’ అన్న మాట ఒత్తు తెగి ‘మొతం’గా కనిపించింది, ఇంకో ఫోన్లో ‘పెన్షన్’ నెత్తి మీద కోత పడింది. లైను ఎత్తుని అక్షరం సైజుతో పాటే పెరిగేలా వదిలేశాక ఇది తీరింది. డెవలపర్‌కి ఒక పూట పని.

దీనికంటే ప్రమాదకరమైనది ఇంకోటుంది, నేను ఇన్నేళ్లూ తెలుగులోనే బతుకుతూ ఒక్కసారి కూడా ఆలోచించనిది. చోటు చాలకపోతే వాక్యం చివర కోసేసి మూడు చుక్కలు పెట్టడం ఏ యాప్‌లోనైనా మామూలే. ఒక పెద్దావిడ కరెంటు బిల్లు కట్టింది, నెట్ ఆగిపోయి డబ్బు వెళ్లలేదు. స్క్రీన్ మీద మేం రాసింది ‘డబ్బు వెళ్లలేదు’. ఆవిడ ఫోన్లో కనిపించింది ‘డబ్బు వెళ్ల…’. ఆవిడ దాన్ని వెళ్లిందనే చదువుకుంది. ఎవరైనా అలాగే చదువుకుంటారు, ఎందుకంటే తెలుగులో అవునా కాదా అన్నది క్రియ చివర్నే తేలుతుంది, ఆ చివరే మేం కోసేశాం. ‘పడతుంది’, ‘పడలేదు’, ‘పడదు’ అన్నీ ‘పడ’ దగ్గర ఒకటే.

దాంతో యాప్ మొత్తంలో ఎక్కడా చుక్కలు పెట్టకూడదని నియమం పెట్టుకున్నాం, చోటు చాలకపోతే రెండో లైనుకి వెళ్లాలి అంతే. ఇంకో పని కూడా చేశాం. అవునన్న మాటా కాదన్న మాటా మొదటి అక్షరం దగ్గరే విడిపోయేలా మార్చాం. ఇప్పుడు మాకున్నవి ‘వెళ్లింది’, ‘ఆగిపోయింది’. ‘వెళ్లలేదు’ అన్న మాట యాప్‌లో ఎక్కడా లేదు. ఏ తెలుగు యాప్ చేసేవాళ్లకైనా నేను ముందు చెప్పే మాట ఇదే, పెద్దవాళ్లు వాడినా వాడకపోయినా.

ఇక మాటల సంగతి. మొదటి వెర్షన్‌లో తెలుగు ఎవరో అనువాదం చేసి పంపినది, మేం కళ్లు మూసుకుని అతికించినది. ‘సమర్పించు’ బటన్ చూసి తెనాలిలో ఒకావిడ "సమర్పించడమేంటమ్మాయ్, దేవుడికా?" అంది. ‘లబ్ధిదారుని జోడించు’ చూసి ఒకాయన నాకే పథకమూ లేదు, నేను రిటైర్డ్ ఉద్యోగిని అని కోపగించుకున్నారు. లబ్ధిదారు అంటే ప్రభుత్వ పథకం అందుకునే మనిషి, పేపర్లో రోజూ చదివేది అదే కదా. అన్నిటికంటే భయపెట్టినది ‘రద్దు చేయి’. 2016 నవంబర్ 8 రాత్రి తర్వాత ఈ దేశంలో బ్యాంకు అన్న మాట పక్కన రద్దు అన్న మాట పెడితే ఎవరి గుండెలు జారిపోవు? పొరపాటున వచ్చిన స్క్రీన్ నుంచి బయటపడటానికి ఉన్న ఏకైక బటన్ అది, దాన్నేమో నొక్కడానికి భయం, ఖాతా రద్దవుతుందేమోనని. ఒకావిడ అక్కణ్నుంచి బయటపడటానికి ఫోనే స్విచాఫ్ చేసేది, రోజూ. ఇప్పుడక్కడ ‘వద్దు’ అని ఉంది. ‘లబ్ధిదారు’ పోయి ‘ఎవరికి పంపాలి?’ వచ్చింది.

హోమ్ స్క్రీన్ మీద బ్యాలెన్స్ కంటే పైన ఒకే ఒక లైను పెట్టాం, ‘పెన్షన్ పడింది’, కింద తేదీ, ఎంత పడిందో. హనుమకొండలో ఒక అమ్మమ్మ "పైసలు పడ్డయా లేదా, గదొక్కటి చెప్పు బిడ్డా, మిగిలినయి నాకెందుకు" అన్న మాట నుంచి వచ్చిందది. బ్యాంకులో నియమాలు చూసే కంప్లయన్స్ వాళ్లు ఒప్పుకోలేదు, ‘పడింది’ అనకూడదట, ‘జమ చేయబడినది’ అనాలట. మెయిళ్లతో పని జరగలేదు. ఒకటో తారీఖున ఆ విభాగం ఆఫీసర్ని బ్రాంచికి రమ్మని కౌంటర్ పక్కన ఒక గంట కూర్చోబెట్టాం. వచ్చిన ప్రతి ఒక్కరూ ‘పడిందా’ అనే అడిగారు, లోపలున్న క్లర్కూ ‘పడిందండీ’ అనే చెప్పాడు. ఆయన మధ్యాహ్నానికి ఓకే అన్నారు.

వేళ్లు

తెనాలి నుంచి వచ్చాక నేను మా టెస్టింగ్ వీడియోల్లో ముఖాలు చూడటం మానేసి వేళ్లు చూడటం మొదలుపెట్టాను. హనుమకొండ అమ్మమ్మ బటన్ నొక్కింది, స్పందన లేదు. మళ్లీ నొక్కింది, లేదు. మూడోసారి చూపుడు వేలు నాలుకకి అద్దుకుంది, నోట్లు లెక్కబెట్టేటప్పుడు చేసినట్టు, అద్దుకుని నొక్కితే పని చేసింది. "తడి జేస్తేనే ఇంటది ఇది" అంది నాకేదో రహస్యం చెప్తున్నట్టు. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. టచ్ స్క్రీన్ ఒత్తిడిని చూడదు, చర్మంలోని తేమ వల్ల వచ్చే విద్యుత్తు మార్పుని చూస్తుంది, వయసొచ్చాక చర్మం పొడిబారుతుంది కాబట్టి తేలిక స్పర్శ దానికి తెలియదు.

చర్మాన్ని మేమేం చేయలేం. కానీ ఆ తర్వాత జరిగేది మా చేతుల్లో ఉంది. తేలిగ్గా నొక్కితే పని చేయలేదు కాబట్టి మనిషి గట్టిగా, ఎక్కువసేపు నొక్కుతాడు, లిఫ్ట్ బటన్ నొక్కినట్టు. ఆండ్రాయిడ్‌లో మామూలుగా 0.4 సెకన్లు దాటి వేలు అక్కడే ఉంటే అది లాంగ్ ప్రెస్ కింద లెక్క. మా యాప్‌లో లాంగ్ ప్రెస్ చేస్తే ‘కాపీ’ మెనూ వచ్చేది. ఇదెక్కడిదిరా బాబూ అని చూస్తుండగానే వేలు కాస్త జరిగేది, జరిగితే స్క్రోల్ అయ్యేది. ఒక్క బటన్ నొక్కాలనుకున్న మనిషికి మూడు వింతలు. లాంగ్ ప్రెస్ అన్నదే యాప్‌లోంచి తీసేశాం, ఎంతసేపు నొక్కినా అది ఒక్క నొక్కే. డబ్బుకి సంబంధించిన స్క్రీన్లు స్క్రోల్ కాకూడదన్నాం, అందులో పట్టకపోతే ఇంకో స్క్రీన్ చేయాలి.

అందువల్ల డబ్బు పంపడం మూడు స్క్రీన్ల నుంచి ఆరుకి పెరిగింది. మా డెవలపర్ లబోదిబోమన్నాడు, అన్నిసార్లు నొక్కాలా అని. టెస్టింగ్‌లో ఆరు మెట్లున్నాయని ఒక్క పెద్దమనిషి కూడా విసుక్కోలేదు. మెట్టుకి ఒక్కటే ప్రశ్న ఉంటే ఎన్ని మెట్లున్నా ఎక్కుతారు, ఒకే మెట్టు మీద నాలుగు ఖాళీ గళ్లు చూస్తే అక్కడే ఆగిపోతారు.

అంకె వేసే స్క్రీన్లో నాకు బాగా నచ్చినది ఒకటుంది. టైప్ చేస్తున్న కొద్దీ కింద తెలుగులో అక్షరాలతో వస్తుంది. 20000 అని వేస్తే ‘ఇరవై వేల రూపాయలు’. పాత చెక్కు మీద రాసేవాళ్లం కదా, అదే. రెండు వేలు పంపబోయి ఒక సున్నా ఎక్కువ వేసిన ఒకావిడ దాన్ని పైకి చదివి "అమ్మో!" అని ఆగింది. చూసి పట్టుకోలేదు, చదివి పట్టుకుంది. మా మాస్టారు మాత్రం "రూపాయలు మాత్రమే అని కూడా వేయండి, పద్ధతి" అన్నారు. వేశాం.

ఓటీపీ గురించి ఒక్క మాట. ఎర్ర రంగులో 30, 29, 28 అని తగ్గుతూ పోయే గడియారం చూస్తే నాకే టెన్షన్. దాన్ని తీసేశాం, గడువు పెంచమని సెక్యూరిటీ వాళ్లని బతిమాలాం, మనిషి ఒప్పుకుంటే ఎస్ఎమ్ఎస్ నుంచి యాప్ తనే చదువుకునేలా పెట్టాం.

నోటితో చెప్పగలిగే స్క్రీన్

ఇప్పుడు మళ్లీ తెనాలి వరండాకి వస్తాను. మాస్టారి కాల్ విన్నాక మిగిలిన ఇళ్లల్లో అందరినీ ఒకే ప్రశ్న అడిగాం, యాప్‌లో ఏదైనా ఆగిపోతే ఏం చేస్తారని. కస్టమర్ కేర్ అన్నవాళ్లు ఎవరూ లేరు. అబ్బాయికి ఫోన్ చేస్తాను, కోడలికి చేస్తాను, కింది వాటాలో కుర్రాడికి చేస్తాను. అబ్బాయేమో బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉంటాడు. వాట్సాప్‌లో స్క్రీన్ షేర్ 2023లో వచ్చింది కదా, అదెందుకు వాడరూ అంటారేమో, బ్యాంకు యాప్‌లు భద్రత కోసం స్క్రీన్‌ని పట్టనివ్వవు, షేర్ చేస్తే అవతలివాళ్లకి నల్లగా కనిపిస్తుంది. మాదీ అంతే, అది తీసేయలేం. అంటే మిగిలింది నోటిమాట ఒక్కటే. మా యాప్‌ని వాడుతున్నది ఒక మనిషి కాదు, ఇద్దరు. ఒకరికి కళ్లున్నాయి, ఇంకొకరికి తెలివిడి ఉంది, మధ్యలో ఒక ఫోన్ కాల్.

ఆ కాల్ మీద ఏది పనికొస్తుంది? బొమ్మలు పనికిరావు, గేర్ బొమ్మని ఒకరు పువ్వన్నారు, ఒకరు సూర్యుడన్నారు. రంగులు కూడా నమ్మడానికి లేదు, కటకం పసుపుబారిన కంటికి నీలం, ఆకుపచ్చ దగ్గర దగ్గరగా కనిపిస్తాయి. "నీలం బటన్ నొక్కు" అంటే "ఏ నీలం, రెండూ ఒకేలా ఉన్నాయిగా" అనే సమాధానం నేను రెండు ఇళ్లల్లో విన్నాను. ‘కుడివైపు పైన’ కొంత నయం. మాట ఇంకా నయం. అన్నిటికంటే గట్టిది అంకె.

కాబట్టి ప్రతి స్క్రీన్‌కీ పైన ఎడమ వైపు పెద్ద అంకె వేసి పక్కన పేరు పెట్టాం. 1 ఇల్లు. 2 పాస్‌బుక్. 3 ఎవరికి పంపాలి? 4 ఎంత? అలా 14 దాకా. ఏ బొమ్మా మాట లేకుండా ఉండకూడదు. వెనక్కి వెళ్లే బటన్ మీద బాణం గుర్తుతో సరిపెట్టకుండా ‘వెనక్కి, 3కి’ అని వెళ్లే చోటు కూడా రాశాం. నా తోటి డిజైనర్లు దీన్ని చూసి రైల్వే ప్లాట్‌ఫామ్ అన్నారు, నిజం చెప్పాలంటే నాకు కూడా చూడ్డానికి అంత ఇంపుగా అనిపించలేదు. అయితే రైల్వే స్టేషన్‌లో ఎవరూ ప్లాట్‌ఫామ్‌ని ‘ఆ గీతలున్నది’ అని చెప్పరు కదా.

మళ్లీ తెనాలి వెళ్లినప్పుడు అదే మాస్టారు, అదే కొడుకు, స్పీకర్లో.

"ఎన్నో నంబర్లో ఉన్నావ్ నాన్నా?"

"నాలుగు. ఎంత అని అడుగుతోంది."

"ఎంత పంపాలో వేసి, కింద ‘ముందుకి’ నొక్కు."

"వేశాను. ఐదొచ్చింది. నీ పేరు చూపిస్తోంది."

రెండు నిమిషాల్లోపే అయిపోయింది, మిగిలిన టైమంతా మనవడి పరీక్షల గురించి మాట్లాడుకున్నారు. ఇది ప్రయోగశాల లెక్క కాదు, మేం రెండోసారి కూర్చున్నది తొమ్మిది ఇళ్లల్లోనే, అందులో ఒకాయన అంకెల్ని చూసి ‘14 మెట్లున్నాయా’ అని మొదటే భయపడి ఫోను పక్కన పెట్టేశారు కూడా. ఆయనకి మా దగ్గర జవాబు లేదు.

ఇంకో సంగతి తెలిసింది అప్పుడే. చాలామంది దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. పాత డైరీ, బీమా కంపెనీ వాళ్లిచ్చినది, అందులో యాప్ వాడే విధానం సొంత దస్తూరీలో. ఒకావిడ పుస్తకంలో ఇలా ఉంది: "నీలం బొమ్మ. తర్వాత తాళం. తర్వాత నాలుగంకెలు. కింద రెండోది. భయపడకూడదు." ఆ చివరి మాట నేను ఫోటో తీసుకుని మా ఆఫీసు గోడకి అంటించాను. కింద రెండోది అని ఆవిడ రాసుకున్న బటన్ని మేం మూడు వారాల క్రితం అప్‌డేట్‌లో మూడో చోటికి మార్చాం, ఎందుకో ఇప్పుడు నాకు గుర్తు కూడా లేదు. మాకది చిన్న సర్దుబాటు, ఆవిడకి పుస్తకం మొత్తం తప్పయిపోయింది. అప్పట్నుంచి బటన్ల చోటు మార్చాలంటే మా టీమ్‌లో ముగ్గురు సంతకం పెట్టాలి. కొత్తది ఏదొచ్చినా చివర్న చేరాలి, 15, 16 అని, మధ్యలో దూరకూడదు.

కొడుకు చెప్పగలిగితే దొంగా చెప్పగలడు

ఇక్కడే మేం చాలా రోజులు కొట్టుకున్నాం. నోటితో చెప్పడానికి ఇంత వీలుగా చేశామంటే, పోలీసునని ఫోన్ చేసిన మోసగాడికీ అంతే వీలు. ‘ఏం కనిపిస్తోంది అంకుల్, మూడా, అయితే నాలుగుకి వెళ్లండి.’ డిజిటల్ అరెస్ట్ పేరుతో పెద్దవాళ్లని గంటల తరబడి వీడియో కాల్‌లో కూర్చోబెట్టి డబ్బు పంపించుకుంటున్న రోజులివి. 2024 అక్టోబర్ 27న ప్రధాని మన్ కీ బాత్‌లో చట్టంలో అలాంటి అరెస్టే లేదని చెప్పాల్సి వచ్చింది. మాతో పని చేసిన సెక్యూరిటీ అతను అంకెలు తీసేయమన్నాడు. తీసేస్తే దొంగ ఆగడు, వాడికి ఓపికెక్కువ, పదకొండు నిమిషాలు కాదు పదకొండు గంటలు కూర్చుంటాడు. ఆగేది కొడుకే.

చివరికి చేసింది ఇది. ఫోన్లో కాల్ నడుస్తోందో లేదో ఆండ్రాయిడ్ యాప్‌కి తెలుస్తుంది, వాట్సాప్ కాల్ అయినా సరే, ఎవరితో అన్నది మాత్రం తెలియదు. కాల్‌లో ఉండగా పెన్షన్ చూసుకోవచ్చు, పాస్‌బుక్ చూసుకోవచ్చు, ఇంతకు ముందు పంపినవాళ్లకి పంపచ్చు. కొత్త మనిషికి మాత్రం పంపనివ్వదు. స్క్రీన్ మీద ఇలా వస్తుంది: ‘మీరు ఫోన్ మాట్లాడుతున్నారు. కాల్ పెట్టేశాక పంపండి. ఎవరైనా భయపెడుతుంటే 1930కి ఫోన్ చేయండి.’ 1930 సైబర్ మోసాల హెల్ప్‌లైన్, దాని మీద నొక్కితే నేరుగా కాల్ వెళ్తుంది.

కొడుకులకి ఇది నచ్చలేదు. ‘మా నాన్నకి నేనే చెప్తుంటే మధ్యలో మీరెవరు’ అని బ్రాంచికి మెయిళ్లొచ్చాయి. మాస్టారు మాత్రం దీన్నీ తన పద్ధతిలో పరిష్కరించారు. కొడుకు చెప్పిందంతా డైరీలో రాసుకుని, ఫోన్ పెట్టేసి, తనే చేసి, మళ్లీ ఫోన్ చేసి ‘వెళ్లింది’ అని చెప్తారు. దీంట్లో కన్నం ఉందని నాకు తెలుసు, రెండో ఫోన్లో స్పీకర్ పెట్టుకుని మాట్లాడితే యాప్‌కి ఏమీ తెలియదు. దాన్ని మూసే దారి మాకు దొరకలేదు.

ఇంకా చేయలేకపోయినవి

చెవుల గురించి మేం దాదాపు ఏమీ చేయలేదు. వయసుతో ముందు పోయేది సన్నటి, కీచు శబ్దాలు వినడం, మా యాప్ ‘టింగ్’ సరిగ్గా ఆ కోవలోదే. మందంగా ఉన్న మగ గొంతుతో ‘పెన్షన్ పడింది’ అని చెప్పిద్దామనుకున్నాం, నలుగురిలో ఉన్నప్పుడు ఫోను డబ్బు సంగతి అరవడం ఎవరికీ ఇష్టం లేదని తెలిసి ఆపేశాం. ఇప్పటికి శబ్దాన్ని మందం చేసి, వైబ్రేషన్ జత చేసి వదిలేశాం.

ఇంకోటి, మొన్నీమధ్య తెలిసింది. మా రెండో విడత తొమ్మిది ఇళ్లల్లో ఒకావిడ యాప్ చక్కగా వాడుతుంది, అంకెలు కూడా ఇష్టపడింది. కానీ డబ్బు పంపే ప్రతిసారీ లేచి లోపలి గదిలోకి వెళ్లి ఇంకో ఫోను తెస్తుంది, బటన్లున్న పాత నోకియా. ఓటీపీ దానికొస్తుంది. ఖాతా ఇద్దరి పేర్న తెరిచారట, నంబరు ఆయనది ఇచ్చారు. ఆయన పోయి రెండేళ్లు. ఆ సిమ్‌కి ఇంకెవరూ ఫోన్ చేయరు, అయినా అది ఆగిపోకుండా ఆవిడ గడువు చూసుకుని రీఛార్జ్ చేయిస్తూ ఉంటుంది. నంబరు మార్చుకోవాలంటే ఏం చేయాలో మా యాప్‌లో ఎక్కడా లేదు, బ్రాంచికి వెళ్లి ఫారం ఇవ్వాలి. అడిగితే "వెళ్లాలి తల్లీ, వెళ్తాను" అంది, నోకియాని మళ్లీ ఛార్జింగ్‌కి పెడుతూ.